రెండు నిమిషాల చుక్క

మా అత్తమ్మ రేడియోలో మొట్టమొదటి అక్షరాన్ని పట్టుకున్న రోజు నేను ఇంట్లో లేను. పాలిటెక్నిక్‌లో, నేను చూసుకునే ఎలక్ట్రానిక్స్ ల్యాబులో, పిల్లలు కాల్చేసిన మీటర్లను వరసగా పెట్టి ఏవి బతికున్నాయో చూస్తున్నాను. ఆ రేడియో నాది. లైసెన్సు నాది. మేడ మీద ఐదిళ్ల కప్పుల మీదుగా కట్టిన తీగ కూడా నాదే. అయినా నా జీవితంలోని అతి పెద్ద సందేశాన్ని అందుకున్నది మాత్రం బీడీలు చుట్టుకుంటూ కూర్చున్న మా అత్తమ్మ.

మాది సోలాపూర్ భవానిపేటలో మగ్గాల సందు. మా ఆయన జాబరు, అంటే మగ్గం చెడిపోతే వచ్చి బాగుచేసేవాడు. ఆయన బాగుచేసిన ప్రతి మగ్గమూ నా రేడియోకు శత్రువే. కొన్నేళ్ల కిందట మా పాలిటెక్నిక్‌కు హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి నడుపుకునే రేడియో గురించి చెప్పడానికి ఎవరో వస్తే, కుర్చీలు వేయడానికి వెళ్లిన నేను చివరి వరసలో కూర్చుండిపోయాను. పిల్లలెవరూ లైసెన్సు పరీక్ష రాయలేదు. నేను రాశాను.

మామూలు హ్యాములు ఏదో దేశంతో మాట్లాడామని చెప్పుకుంటారు. నాకు మాత్రం తక్కువ ఫ్రీక్వెన్సీ మీద మనసు పడింది. అక్కడ ఒక్కొక్క అల రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. దానికి తగిన తీగ కట్టాలంటే మా పేట సరిపోదు, అశోక్ చౌక్ దాటి పోవాలి. ఐదిళ్ల మీద కట్టిన తీగలోంచి బయటికి వెళ్లే శక్తి దేవుడి గూట్లో వెలిగే చిన్న బల్బు పాటి కూడా ఉండదు. అంత బలహీనమైన సంకేతం అవతలివాడికి కనిపించాలంటే ఒకటే దారి: నిదానంగా పంపడం. మోర్సులో ఒక చుక్క రెప్పపాటులో అయిపోతుంది. మేము ఒక చుక్కను రెండు నిమిషాల పాటు పంపుతాం. గీత ఆరు నిమిషాలు. ఇది చెవికి వినపడేది కాదు. కంప్యూటరు తెర మీద చిన్న గీత, పొడవు గీతగా మెల్లగా గీసుకుంటూ పోతుంది. ఒక్కో అక్షరానికి దాదాపు ఇరవై నిమిషాలు.

ఇది మా ఆయనకు చెప్పాను.

"నీ ఫోన్ ఖరాబైందా ఏంది?" అన్నాడు.

"బాగానే ఉంది."

"అవతలాయన ఫోన్?"

"అదీ బాగానే ఉంది."

"మరి?"

నేను తీగ చూసుకోవడానికి మేడ ఎక్కాను.

అవతలాయన విజయపురలో ఉంటాడు. రైల్వే సిగ్నళ్లలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఏర్పాట్లన్నీ ఫోన్లోనే మాట్లాడుకున్నాం: ఏ ఫ్రీక్వెన్సీ, ఏ రోజు, ఎంత వేగం, వేగమని దాన్ని అనగలిగితే. అన్నీ కుదిరాక ఆయన హిందీలో గట్టిగా ఒక మాట చెప్పాడు. సంభాషణ మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా ఇంకో మార్గంలో ఒక్క ముక్క కూడా మాట్లాడుకోకూడదు. ఫోన్లో కాస్త అడిగినా సరే, మొత్తం రద్దు, మళ్లీ మొదటినుంచి. నేను సరేనన్నాను. ఆ తర్వాత ఆయన నా నంబరును బ్లాక్ చేశాడని నాకు చాలాకాలానికి తెలిసింది. తన మీద తనకు నమ్మకం లేకట.

మగ్గాలు నడుస్తున్నప్పుడు నా తెర మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి రొద తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని మగ్గాలకు వారానికోసారి వచ్చే సుట్టీ రోజునే ఎంచుకున్నాం. ఆ రోజు మా సందులో మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు, వాళ్ల మాటలకు వాళ్లే ఉలిక్కిపడతారు. చిక్కేమిటంటే ఆ రోజు మా పాలిటెక్నిక్‌కు సెలవు లేదు. తెర మీది బొమ్మల్ని కంప్యూటరే దాచిపెడుతుంది గానీ, నా పాత ల్యాప్‌టాపు ఆ పని చెప్పిన గంటలోపే బిగుసుకుపోతుంది. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చూడాలి.

ఇంట్లో పొద్దంతా ఒకే చోట కదలకుండా కూర్చునే మనిషి ఒక్కరే ఉన్నారు.

"అత్తమ్మా, ఇది చిన్న గీత, దీన్ని చుక్క అనుకో. ఇది పొడుగు గీత. మధ్యల ఖాళీ ఎక్కువుంటే ఇంకో అక్షరం మొదలైనట్టు. నువ్వు రాసుకోవాలె."

"గంతేనా?" అంది అత్తమ్మ, ఒళ్లో చేట సర్దుకుంటూ. "గీ దానికి నువ్వు పరీచ్చ రాసినవా?"

"మొదట్ల చాలాసేపు మా ఇద్దరి రేడియో గుర్తులు వస్తయి. అవి నాకు ఎరుకే. ఊకె చూసుకుంట కూసో. అవి అయినంక గీ ఎర్ర గీత దాటుతది. గాడికెళ్లి వచ్చినయి రాయి."

"పెన్సిల్ పట్టుకుంటే నా చేతికి పని ఆగుతది కదా బిడ్డా."

"మరెట్ల?"

"ఎట్లనో ఒకట్ల పెడత తీయి. నువ్వు పో, బస్సు పోతది."

సాయంత్రం నేను పరుగున వచ్చేసరికి అత్తమ్మ కాళ్లు చాపుకుని చాయ్ తాగుతోంది. తెర బిగుసుకుపోయి ఉంది. పక్కన పీట మీద స్టీలు పళ్లెం. పళ్లెంలో తునికాకు తుంపులు, గోరంత గోరంత ముక్కలు, ఆరు వరసలుగా పేర్చి ఉన్నాయి. మూడు, మూడు, రెండు, ఒకటి, రెండు, నాలుగు.

"వచ్చింది. పొద్దంత వచ్చింది. ఆరు అక్షరాలు," అంది గర్వంగా.

నేను చదివాను. ఎస్, ఎస్, ఐ, ఈ, ఐ, హెచ్. మళ్లీ చదివాను. ఏ భాషలోనూ అర్థం కాలేదు.

"అత్తమ్మా, అన్నీ చుక్కలేనా? ఒక్క గీత గూడ రాలేదా?"

"ఎందుకు రాలే? గీతలకు బీడీలు పెట్టిన."

"ఏవి మరి?"

అత్తమ్మ గ్లాసు కింద పెట్టింది. "కట్టకు ఐదు తక్కువైనయి. పళ్లెంలకెళ్లి తీసి కలిపిన. కార్ఖానాల ఇచ్చి వచ్చిన," అంది.

విజయపుర నుంచి పొద్దున్నుంచీ ఒకాయన నిమిషాలు లెక్కపెట్టుకుంటూ పంపిన సందేశంలోని గీతలన్నీ అమ్మకానికి పోయాయి.

"యాదికి ఉన్నయా? ఏ వరసల ఏడ పెట్టినవో చెప్పు."

అత్తమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లు గాలిలో ఆడాయి. తెరిచింది. "నోటికి రాదు బిడ్డా. చేతుల ఉంటే వస్తది."

ఇంట్లో ఒక్క బీడీ లేదు. ఆ రోజు తంబాకు కూడా అయిపోయింది. మర్నాడు పొద్దున్నే, తునికాకు తుంపుల్ని కొంగున మూటకట్టుకుని అత్తమ్మ, ల్యాబుకు ఆలస్యమవుతుందని ఫోన్ చేసి నేను, బీడీ కార్ఖానాకు వెళ్లాం. అప్పటికే బల్ల ముందు ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. బీడీలు చూసి మంచివి తీసుకుని చెడ్డవి పక్కన పారేసే చెకర్ బల్ల వెనకాల ఉన్నాడు. చెడ్డవాటిని ఛాట్ అంటారు. ఆయన నోటినుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో.

"నిన్న నేను ఇచ్చినయి ఆరబెట్టే భట్టీకి పోయినయా?" అని అడిగింది అత్తమ్మ.

"ఇంక పోలే. ఏమైంది?"

"అండ్ల ఒక మెసేజ్ ఉన్నది."

ఆయన చేతిలోని కట్ట కింద పెట్టాడు. "బీడీలల్లనా? ఏం మెసేజ్? ఎవరికి? అక్కా, పోలీస్ కేసు అయితది."

నేను ముందుకొచ్చి వివరించాను. లైసెన్సు ఉందని చెప్పాను. ఫ్రీక్వెన్సీ చెప్పాను. రెండు నిమిషాల చుక్క గురించి చెప్పినప్పుడు ఆయన ముఖంలో అనుమానం పోయి జాలి వచ్చింది.

"ఏవైనా ఐదు బీడీలు ఇస్తే సాలు సాబ్, అవే కావాలని లేదు," అన్నాను.

"ఎందుకు లేదు?" అంది అత్తమ్మ నా మీదకి తిరిగి. "నావే కావాలె. వేరేటోళ్లయి నా చేతికి మోటుగ ఉంటయి."

వెనక వరసలోంచి "తీయండి సాబ్, మాకు పని ఉంది" అని ఎవరో అరిచారు. చెకర్ ఆమె కట్టలు వెతికి తీశాడు. అత్తమ్మ ఒక కట్ట దారం విప్పి ఐదు బీడీలు తీసుకుని, కొంగు ముడి విప్పి, ఆయన బల్ల మీదే తునికాకు తుంపులు పేర్చడం మొదలుపెట్టింది. బీడీ చేతిలో పడగానే ఆమె వేళ్లకు దారి దొరికింది. ముందు బీడీ, దాని వెనక మూడు తుంపులు. తర్వాత తుంపు, బీడీ, రెండు తుంపులు. ఒక్కచోట కూడా ఆగలేదు. చివరి వరసలో నాలుగు తుంపులు పెట్టి చేతులు దులుపుకుంది.

"బి, ఎల్, యు, ఈ," అని చదివాను నేను. "బ్లూ! తర్వాత సి, హెచ్."

వరసలోని ఆడవాళ్లంతా బల్ల మీదికి వంగారు.

"బ్లూ ఛ... అంటే ఏంది?"

"ఛత్రీ," అన్నాడు చెకర్. ఆయనకు ఏ సందేహమూ లేదు. "వానకాలం వస్తుంది కదా. బ్లూ ఛత్రీ."

"బ్లూ చాయ్ ఉంటదా యాడన్న?"

"ఉండదు. ఛత్రీయే."

ఇది మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన అలవాటు కొద్దీ మూడో వరసలోని బీడీని తీసి వేళ్ల మధ్య తిప్పి, మూతి సరిగా ముడవలేదని ఛాట్ గంపలో పారేశాడు. యు అన్న అక్షరం కాస్తా ఐ అయింది. అత్తమ్మ ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను.

రెండో సుట్టీ రోజున నేను సెలవు పెట్టాను. మిగతా సందేశం వచ్చేది ఆ రోజే. పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాపు ముందు నేను, చేటతో అత్తమ్మ కూర్చున్నాం. విజయపుర గీత సన్నగా, నల్లటి తెర మీద వెంట్రుకలా మొదలైంది. చుక్క. ఆ తర్వాత గీత మొదలై సగానికి వచ్చిందో లేదో, తెరంతా తెల్లబడిపోయింది.

ఎదురింట్లో మగ్గాలు మొదలయ్యాయి. మేమంతా కాకా అని పిలిచే ఆయనకు నాలుగు మగ్గాలున్నాయి. సుట్టీ రోజున ఆయన ఎప్పుడూ నడపడు. ఆ రోజు ఏదో ఆర్డరు తొందరట. నేను లేచేలోపే అత్తమ్మ చేటతో సహా మెట్లు దిగి, సందు దాటి, ఆయన గడప మీద కూర్చుంది. నేను వెనకే పరిగెత్తాను.

"కాకా, జర ఆపు," అని అరిచింది అత్తమ్మ, మోతలో వినపడేలా.

"ఎందుకు?"

"అక్షరం వస్తున్నది!"

ఆయన మగ్గాలు ఆపాడు. ఒప్పుకుని కాదు, ఏం వినపడిందో అర్థం కాక. నేను మేడ మీదికి పరిగెత్తి, నాలుగు నిమిషాలకు మళ్లీ కిందికి వచ్చి, "ఏ వచ్చింది" అని చెప్పాను.

"ఏమొచ్చింది?"

"ఏ. ఇంగ్లీషు ఏ."

"ఏ కోసం నా నాలుగు మగ్గాలు ఆపిన్రా?" అన్నాడు కాకా. ఆయన గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. "ఏ నాకు గూడ వస్తది కదమ్మా, నన్ను అడిగితే చెప్పేటోన్ని కదా."

అత్తమ్మ గడప మీదినుంచి లేవలేదు. పోయిన సుట్టీకి వచ్చింది బ్లూ ఛ అని, ఇప్పుడు దాని తర్వాత ఆ అని వచ్చిందని, ఇంకెన్ని వస్తాయో తెలియదని వివరించింది. కాకా తువ్వాలు భుజాన వేసుకుని మాతో పాటు మేడ ఎక్కాడు. ఊరికే చూసిపోదామని వచ్చిన మనిషి డి పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాడు. రెండో డి మొదలవగానే కూర్చున్నాడు. మధ్యలో ఆయన మగ్గాల మీది మనిషి కిందినుంచి "కాకా, చాలూ కరూ కా?" అని, మొదలుపెట్టనా అని మరాఠీలో అడిగితే "థాంబ్, థాంబ్!" అని, ఆగమని కసిరాడు. అతనూ పైకి వచ్చాడు.

ఇంకో ఏ వచ్చింది. ఆర్ మొదలైంది. అది సగంలో ఉండగానే కాకా లేచి నిలబడ్డాడు.

"చద్దర్!" అన్నాడు. "బ్లూ చద్దర్!"

దాని తర్వాత చాలాసేపు పట్టిన ఒక అంకె వచ్చింది. రెండు. ఆ తర్వాత, మీరు చెప్పండి అనే గుర్తు.

రెండు నీలం రంగు చద్దర్లు, మా సందులో నేసే దుప్పట్లు. విజయపురలో ఫోన్ ఉన్న మనిషి, బస్సు స్టాండు దగ్గరే ఇల్లున్న మనిషి, రెండు సుట్టీలపాటు గాలిలోకి ఇనుప ఓపికతో గీతలు గీసి అడిగింది ఇదీ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను సిగ్నల్ బలం గురించి, వాతావరణం గురించి ఏదైనా వస్తుందనుకున్నాను. కాకా మాత్రం చేతులు జోడించి తెరకు దండం పెట్టాడు. ఆ రోజు ఆయన తొందరగా నేయిస్తున్నది చద్దర్లే. వాటిలో నీలం కూడా ఉంది.

"ఫోన్ జేసి ఉన్నయని చెప్పరాదా?" అన్నాడు.

"చెప్పొద్దు," అంది అత్తమ్మ. నేను నోరు తెరిచేలోపే అంది. "ఫోన్ జేస్తే మొత్తం కరాబైతది."

జవాబు ఏం పంపాలన్నది ఆ వారమంతా చర్చ. సింగిలా డబులా అని అడగాలన్నాడు కాకా. అంత పొడవు పంపితే దసరా వస్తుందన్నాను నేను. చివరికి అత్తమ్మే తేల్చింది: "ఉన్నయి, రాండ్రి అని పెట్టు. మనిషి వస్తే సూసి తీసుకుంటడు." ఇంగ్లీషులో అది యెస్ కమ్ అయింది. ఏడు అక్షరాలు.

మూడో సుట్టీ రోజున మా తీగ పోయే ఐదిళ్లలో ఎవరూ బట్టలు ఆరేయకూడదని ముందే చెప్పి వచ్చాను. పంపేటప్పుడు తీగను ముట్టుకుంటే గట్టిగా షాక్ కొడుతుంది. తడి బట్టల బకెట్లు పట్టుకుని ఆడవాళ్లు కప్పుల మీద నిలబడి, "ఎంతవరకు వచ్చింది?" అని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి అడుగుతున్నారు. "కమ్‌లో ఓ నడుస్తున్నది" అని జవాబు అందుతోంది.

ఎమ్ మొదలయ్యాక మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. సంచీ భుజాన వేసుకున్న ఒక పొట్టి పెద్దాయన ఆయాసపడుతూ పైకి వచ్చి, పేరు చెప్పకుండా, తన రేడియో గుర్తు అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పాడు. విజయపుర ఆయన! సోలాపూర్‌లో కంటి డాక్టరు దగ్గర పనుండి పొద్దున బస్సుకు వచ్చాడట. ఇంట్లో తెర ముందు భార్యను కూర్చోబెట్టి వచ్చాడట.

అత్తమ్మ సంతోషం పట్టలేక లేచింది. "కూసోండ్రి, కూసోండ్రి! మీ చద్దర్లు ఉ—"

"మత్ బోలియే!" అని ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "బెహన్‌జీ, మత్ బోలియే! అభీ హవా మే హై!"

జవాబు ఇంకా గాలిలో ఉంది కాబట్టి నోటితో చెప్పకూడదు. ఆయన ల్యాప్‌టాపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చాయ్ తాగాడు. మా తీగ బాగుందన్నాడు, మగ్గాల గురించి అడిగాడు. మేమంతా చద్దరు అన్న మాట రాకుండా మాట్లాడాం. మా సందులో అది ఎంత కష్టమో ఇక్కడ పుట్టినవాళ్లకే తెలుస్తుంది. అంతలో కాకా రెండు కొత్త నీలం చద్దర్లను చక్కగా మడిచి రెండు చేతుల మీద పెట్టుకుని మేడ మీదికి వచ్చాడు. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు కళ్లలో మందు వేసినందువల్ల అసలే ఏమీ సరిగా కనపడదని, అయినా చూడనని చెప్పాడు.

చివరి అక్షరం ఈ, ఒకే చుక్క, రెండు నిమిషాలు. అది అయిపోయింది.

"హో గయా," అన్నాను నేను. "ఇక చెప్పొచ్చా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. జవాబు విజయపురలో అందిందో లేదో తెలియదు కదా. భార్యకు ఫోన్ చేసి అడగమన్నాను. అది కూడా ఫోనే కదా అన్నాడు. ఇంటికి వెళ్లి ఆమె రాసుకున్న కాగితం చదువుకుంటే తప్ప, మా దగ్గర నీలం చద్దర్లు ఉన్నాయో లేదో ఆయనకు తెలియదు. తెలియనిదాన్ని తీసుకెళ్లలేడు. మూడు గంటల బస్సుకు బయల్దేరాడు. ఆయనకు రెండు చేతుల దూరంలో చద్దర్లున్నాయి. మేమంతా వాటిని దాచుకుంటూ నిలబడ్డాం. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ నియమం కోసం అంత నిజాయితీగా నష్టపోయే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, నాలోనే తప్ప.

అత్తమ్మ ఊరుకునే రకం కాదు. వంటింట్లోకి వెళ్లి న్యూస్‌పేపరులో చుట్టి సుతిలితో కట్టిన పెద్ద పొట్లం ఒకటి తెచ్చి ఆయన సంచిలో కుక్కింది.

"జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ," అంది. "ఇంటికి పోయి, కాగితం సదివినంకనే ఇప్పుండ్రి."

ఆయన పొట్లం బరువు చూశాడు. మెత్తగా ఉందని కూడా చేతికి తెలిసే ఉంటుంది. దండం పెట్టి మెట్లు దిగాడు.

పది రోజులకు ఆయన దగ్గరనుంచి కార్డు వచ్చింది. హ్యాములు ఒకరి సంకేతం ఒకరికి అందిందని రాసి పంపుకునే కార్డు. మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మధ్యలో రెండు వారాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నా స్పష్టంగా ఉందని రాశాడు. కింద చిన్న అక్షరాలతో, రొట్టెలు బాగా వెచ్చగా ఉన్నాయని, తన భార్యకు కూడా సరిపోయాయని రాశాడు. కాకాకు చేరాల్సిన డబ్బు వేరే మార్గంలో చేరింది.

నేను కూడా అలాంటి కార్డే పంపాలి. బల్ల ముందు కూర్చుని నింపుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని ప్రతి గడీ ఏమిటని అడిగింది. తీగ పొడవు రాశాను. ఎంత శక్తితో పంపామో రాశాను. సందేశాన్ని అందుకున్న పరికరం అన్న చోట ల్యాప్‌టాపు అని రాయబోయాను.

"గదేం అందుకున్నది?" అంది అత్తమ్మ. "గంటకోసారి సచ్చిపాయె."

నిజమే. ఆ గడిలో ఇంగ్లీషులో మా అత్తగారు అని రాసి చదివి వినిపించాను. ఆమె కార్డు తీసుకుని, ఆ మాట ఎక్కడుందో వేలితో చూపించమంది. చూశాక, "చక్కగ రాసినవా?" అని అడిగింది. చక్కగానే రాశానని చెప్పాను.